సందర్భం దొరికిన పాట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: 1995 ప్రాంతంలో నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివేదాన్ని. హాస్టల్లో మా గది స్నేహితురాలి దగ్గర నారింజ రంగు అట్టతో ఆర్.ఇ.ఎం. అనే అమెరికన్ రాక్ బృందం క్యాసెట్ ఒకటి ఉండేది. ఒకటి రెండు సార్లు విని పక్కన పెట్టేశాం. మొన్న మా అమ్మాయి ‘ది బేర్’ అనే అమెరికన్ సిరీస్ చూస్తోంది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న నేను ఒక పాట వినపడగానే అలాగే నిలబడిపోయాను. తర్వాతి లైను ఏమిటో పాట కన్నా ముందే నా నోటికి వస్తోంది, పేరు మాత్రం గుర్తుకు రాలేదు. అమ్మాయి ఫోనులో వెతికి ‘స్ట్రేంజ్ కరెన్సీస్’ అని చెప్పింది. ఇంత మంచి పాటను ఆ రోజుల్లో ఎందుకు పట్టించుకోలేదు? ఇంకో సందేహం కూడా ఉంది. సిరీస్‌లో విన్నదీ, తర్వాత ఫోనులో విన్నదీ ఒకే పాటైనా ఒకేలా లేవు. నా చెవుల్లోనే ఏదైనా తేడా వచ్చిందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ చెవులు చక్కగా ఉన్నాయమ్మా. మీరు విన్నవి నిజంగానే రెండు వేర్వేరు మిక్స్‌లు, అంటే ఒకే రికార్డింగులోని గొంతునూ వాద్యాలనూ వేర్వేరు పాళ్లలో కలిపినవి. ముందు ఆ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

‘మాన్‌స్టర్’ అనే ఆ ఆల్బమ్ 1994 సెప్టెంబరులో వచ్చింది. అందులో ఆరో పాట ఇది. బృందంతో కలిసి దాన్ని రూపొందించిన నిర్మాత స్కాట్ లిట్. గాయకుడు మైకేల్ స్టైప్ గొంతును గిటార్ల మీద కాకుండా గిటార్ల మధ్యలో ఉంచాలని అప్పట్లో అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం. పీటర్ బక్ గిటార్ అలలు అలలుగా వణుకుతూ గది నిండా పరుచుకుంటుంది, ఆ అలల కింద నుంచి మాటలు అస్పష్టంగా తేలి వస్తాయి. అసలే టేప్ రికార్డర్, అందులోనూ హాస్టల్ గది. అందులో ఎన్ని మాటలు మీ దాకా చేరి ఉంటాయో ఊహించుకోండి. ఆ మిక్స్ పట్ల లిట్‌కు ఏళ్ల తరబడి అసంతృప్తి ఉండిపోయింది. ఇంకొక్క అవకాశం ఇమ్మని తానే అడిగి, 2019లో వచ్చిన ఇరవై అయిదేళ్ల ప్రత్యేక సంచిక కోసం ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ మిక్స్ చేశాడు. కొన్ని గిటార్లను తగ్గించి, గొంతును ముందుకు తెచ్చాడు. సిరీస్‌లో మిమ్మల్ని ఆపేసింది ఆ కొత్త మిక్స్. ఫోనులో ఆల్బమ్ పేరు కొడితే ముందుగా వచ్చేది పాతది. ఇరవై అయిదో వార్షికోత్సవ సంచిక అని వెతికితే రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. ఇయర్ ఫోన్లు పెట్టుకుని మొదటి అర నిమిషం ఒకదాని తర్వాత ఒకటి వినండి. పాతదాంట్లో ఎవరో గది అవతలి నుంచి పాడుతున్నట్టు ఉంటుంది, కొత్తదాంట్లో ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది.

ఇక పట్టించుకోకపోవడం సంగతి. ఆ రోజుల్లో నేను సికింద్రాబాద్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఆర్.ఇ.ఎం. కావాలని వచ్చే కాలేజీ పిల్లలందరూ అడిగేది ‘లూజింగ్ మై రిలిజియన్’ పాటే. అది 1991 నాటి ‘అవుట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్‌లోది, మాండొలిన్ మీద నడుస్తుంది. మరుసటి ఏడాది ‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’ వచ్చింది. అది ఇంకా మెత్తన, ఇంకా దిగులు. ఆ మెత్తదనం కోసం వచ్చినవాళ్ల చేతిలో నారింజ రంగు అట్ట, దాని మీద మసగ్గా ఒక ఎలుగుబంటి తల ఉన్న క్యాసెట్ పెడితే, ఇంటికెళ్లి వినేసరికి హోరుమని గిటార్లు. కొంతమంది మర్నాడే తిరిగి వచ్చి, మార్చి పాతది ఇమ్మని బతిమాలేవారు. అమెరికాలోనూ దీని కథ ఇలాగే నడిచింది. విడుదలైన వారమే బిల్‌బోర్డ్ పత్రిక ఇచ్చే ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లి, ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ సీడీల దుకాణాల్లో ఎక్కడ చూసినా ఆ నారింజ రంగే కనపడేంతగా జనం దాన్ని వదిలించుకున్నారు.

అంత హోరు మధ్య ఇరుక్కున్న నెమ్మది పాట ‘స్ట్రేంజ్ కరెన్సీస్’. దానికి ఇంకో కష్టం కూడా ఉంది. ‘ఆటోమేటిక్’లోని ‘ఎవ్రీబడీ హర్ట్స్’ పాటా, ఇదీ ఒకే తిశ్ర నడకలో, దాదాపు ఒకే స్వరాల వరుసతో సాగుతాయి. పోలిక మరీ ఎక్కువగా ఉందని ఈ పాటను ఆల్బమ్ నుంచి తీసేద్దామనే దాకా వెళ్లారు, చివరికి నడకలో కొంత మార్పు చేసి ఉంచారు. పై తరగతిలో మొదటి ర్యాంకు అక్క ఉన్న బడిలో చెల్లెలి పరిస్థితే దీనిది. విన్నవాళ్లందరూ ‘ఆ పాటలా ఉంది’ అన్నారు, దీన్ని దీనిగా విన్నవాళ్లు తక్కువ. సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదల చేసింది కూడా ఆలస్యంగా, 1995 వసంతంలో. ఆ మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కచేరీ జరుగుతుండగా డ్రమ్మర్ బిల్ బెర్రీకి మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషన్ జరిగి ఆయన కోలుకుంటున్న రోజుల్లో ఈ పాట బయటికి వచ్చింది. బ్రిటన్‌లో పాటల జాబితాలో 9వ స్థానానికి చేరింది, అమెరికాలో 47 దగ్గర ఆగిపోయింది.

అయితే నా మటుకు నాకు అసలు కారణం ఇవేవీ కావు. మన పాటలన్నీ సందర్భంలోంచి పుడతాయి. దర్శకుడు కథ చెబుతాడు, సన్నివేశం చెబుతాడు, ఎవరు ఎవరితో ఎందుకు పాడుతున్నారో చెబుతాడు, ఆ తర్వాతే బాణీ, ఆ తర్వాతే మాట. రేడియోలో ఒక్క పాట వినపడినా మనసులో వెంటనే ఆ తెర, ఆ చెట్టు, ఆ చీర రంగు కదులుతాయి. ఆర్.ఇ.ఎం. లాంటి బృందాల పాటలు అలా పుట్టినవి కావు. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే చిన్న యూనివర్సిటీ ఊళ్లో 1980లో మొదలై, కాలేజీ రేడియో స్టేషన్ల ద్వారా ఎదిగిన నలుగురు వాళ్లు. వాళ్లు పాట చేసి లోకంలోకి వదిలేస్తారు, సందర్భాన్ని వినేవాళ్లే తమ బతుకులోంచి తెచ్చుకోవాలి. ఇరవై ఏళ్ల వయసులో మీ దగ్గర ఈ పాటకు సరిపడా సందర్భం ఉండి ఉండదు. చాలామంది దగ్గర లేదు.

అది ఎక్కడ దొరికిందో చూడండి. ‘ది బేర్’ రెండో సీజన్, 2023. చికాగోలో చనిపోయిన అన్న వదిలివెళ్లిన శాండ్‌విచ్ దుకాణాన్ని పెద్ద రెస్టారెంటుగా మార్చాలని ప్రాణం పెట్టి పనిచేసే వంటవాడు కార్మీ. వంటగది తప్ప మరో లోకం తెలియదు. ఒక దుకాణంలో ఫ్రిజ్ తలుపుల వరుస దగ్గర అతనికి చిన్ననాటి నుంచి తెలిసిన క్లెయిర్ కనపడుతుంది. మాట్లాడుకుంటారు. ఆమె ఫోను నంబరు అడుగుతుంది. అతను కావాలనే తప్పు నంబరు ఇస్తాడు. ఇష్టం లేక కాదు, భయం వేసి. తర్వాత ఆమె అసలు నంబరు సంపాదించి తానే ఫోను చేస్తుంది. ఇప్పుడు పాట మొదటి మాటలు గుర్తు చేసుకోండి: నేను ఫోను చేసినప్పుడల్లా నాతో ఎందుకంత కటువుగా ఉంటావో అర్థం కావడం లేదని ఒక మనిషి వాపోవడంతోనే పాట మొదలవుతుంది. తన మాటలు అవతలి మనిషికి చేరేలా చెప్పలేక, అయినా చెప్పడం మానుకోలేక తపించే మనిషి పాట అది. సిరీస్ సృష్టికర్త క్రిస్టఫర్ స్టోరర్ దీన్ని ఒక్కసారి వాడి వదిలేయలేదు. ఆ ఇద్దరి కథ సాగుతున్న కొద్దీ మళ్లీ మళ్లీ వినిపించాడు, మన సినిమాల్లో నాయికా నాయకులకు ఒక బాణీ కట్టి సినిమా అంతా వాడినట్టే. ముగింపులో ఏమవుతుందో చెప్పను, మీ అమ్మాయి పక్కన కూర్చుని చూడండి. ఫ్రిజ్ తలుపు మళ్లీ వస్తుంది.

అదే ఏడాది బృందం వాళ్లే ఆ సిరీస్ దృశ్యాలతో పాటకు కొత్త వీడియో విడుదల చేశారు. 2011లోనే విడిపోయిన బృందం! 1995లో వచ్చిన అసలు వీడియో కూడా చూడండి. మార్క్ రోమనెక్ తీసిన నలుపు తెలుపు చిత్రీకరణ అది.

ప్రశ్న: ఒక సిరీస్‌లో పాత పాట పెట్టాలంటే ఏం చేయాలి? డబ్బు కడితే చాలా? అలా అయితే కొత్త పాట చేయించుకోవడమే చవక కదా!
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: రెండు అనుమతులు కావాలి బాబూ. ఒకటి పాట రచన మీద, అంటే సాహిత్యం, బాణీ ఎవరివో వాళ్ల నుంచి. రెండోది ఆ ఫలానా రికార్డింగ్ మీద, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల నుంచి, సాధారణంగా రికార్డు కంపెనీ నుంచి. ఈ రెండింటిలో ఏ ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. సినిమాల్లో, సిరీస్‌లలో పాత పాటను వేరే గాయకులతో మళ్లీ పాడించి వాడటం మీరు గమనించే ఉంటారు. చాలాసార్లు దానికి కారణం ఇదే, రచనకు అనుమతి దొరికి రికార్డింగ్‌కు దొరకకపోవడమో, దాని ధర అందకపోవడమో. ఆర్.ఇ.ఎం. విషయంలో 1997లో బిల్ బెర్రీ తప్పుకునేదాకా వాళ్ల సొంత పాటలకు రచయితలుగా నలుగురి పేర్లూ సమానంగా ఉంటాయి, ఎవరు ఏ లైను రాశారన్న లెక్క లేకుండా. ఏళ్ల తరబడి ఒక బృందం చెడకుండా ఉండటానికి అలాంటి ఏర్పాటు ఎంత మేలు చేస్తుందో, పేర్ల కోసం కొట్టుకుని విడిపోయిన బృందాలను చూసినవాళ్లకు తెలుస్తుంది.

కొత్త పాట చవక కావచ్చు. కానీ అది మీలాంటివారికి, మీ అమ్మగారి వయసువారికి ఒకేసారి తగలదు. ఆ పాట వినగానే పైన ఉత్తరం రాసిన విశాఖపట్నం పాఠకురాలి చేతిలో పని ఆగిపోవడానికి ముప్పై ఏళ్ల నాటి క్యాసెట్ ఒకటి వెనకాల ఉండాలి.

ప్రశ్న: తెలుగు పత్రికలో ఇంగ్లిష్ పాటలకు ఇంత చోటు అవసరమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అవసరమనే నా నమ్మకమండీ. ఎనభైలలో త్యాగరాజ కీర్తనలు, తొంభైలలో కేబుల్ టీవీ వీడియోలు, రెండూ వింటూ పెరిగిన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల జ్ఞాపకాలు కూడా తెలుగు జ్ఞాపకాలే, వాటి గురించి తెలుగులోనే మాట్లాడుకోవాలి. ఇంకో మాట. ఆ ‘లూజింగ్ మై రిలిజియన్’ వీడియో తీసి, 1991లో ఎంటీవీ ఆ ఏటి ఉత్తమ వీడియో బహుమతి తెచ్చిపెట్టిన దర్శకుడు తర్సేమ్ సింగ్, జలంధర్‌లో పుట్టిన మనిషి. ఆ వీడియోలోని రంగులు, దేవతల బొమ్మలు చూస్తే మన గోడల మీది క్యాలెండర్లు గుర్తుకు రాకుండా ఉండవు.

ప్రశ్న: ఇలా టీవీ ద్వారా మళ్లీ వెలుగులోకి వచ్చిన తొంభైల పాటలు ఇంకా ఏమున్నాయి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: చాలానే ఉన్నాయి. నా మనసులో పైన ఉండేది మాత్రం ‘డెర్రీ గర్ల్స్’ అనే టీవీ సిరీస్‌లో వచ్చే ‘డ్రీమ్స్’ పాట. ఐర్లాండ్‌లోని లిమరిక్ నుంచి వచ్చిన క్రాన్‌బెర్రీస్ బృందం తొలి సింగిల్ అది, 1992 నాటిది. మరచిపోయిన పాట అనలేం గానీ, ముప్పై దాటని పిల్లలకు కొత్త పాటే. తొంభైలలో ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో, వీధి చివర సైనికులు తుపాకులతో నిలబడి ఉండగా బడికి వెళ్లే అమ్మాయిల కథ ఆ సిరీస్. తొలి భాగం 2018 జనవరి 4న ప్రసారమైంది. పాట పాడిన డొలోరెస్ ఓ రియోర్డన్ అదే నెల 15న చనిపోయారు, వయసు 46. సీజన్ చివరి భాగం ప్రసారమయ్యేనాటికి ఆమె లేరు. వేదిక మీద పిల్లలు వెర్రిగా గెంతుతుంటే, ఇంట్లో పెద్దవాళ్లు టీవీలో బాంబు పేలుడు వార్త చూస్తూ నిలబడితే, ఆ రెండింటి మీదా ఆమె గొంతు. అది చూసి ఏడవకుండా ఉండటం నా వల్ల కాలేదు.

‘ది బేర్’ తొలి సీజన్‌లో వంటగది హడావుడి మీద వినిపించే ‘న్యూ నాయిస్’ కూడా ఇలాంటిదే. స్వీడన్‌కు చెందిన రెఫ్యూజ్డ్ బృందం 1998లో చేసిన పాట. ఆ ఆల్బమ్ వచ్చిన ఏడాదే బృందం చీలిపోయింది. చిన్న పిల్లలున్న ఇంట్లో గట్టిగా పెట్టకండి, ఉలిక్కిపడతారు.

ప్రశ్న: ‘స్ట్రేంజ్ కరెన్సీస్’ నచ్చింది. ఆ ఆల్బమ్‌లో తర్వాత ఏ పాట వినాలి?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: పదో పాట, ‘లెట్ మీ ఇన్’. డ్రమ్స్ లేవు, ఒక గిటార్ రొద, దాని లోపల నుంచి స్టైప్ గొంతు. 1994 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్న ‘నిర్వాణ’ రాక్ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ కోసం చేసిన పాట అది. కొబేన్ గిటార్‌ను ఆయన భార్య కోర్ట్‌నీ లవ్ ఆర్.ఇ.ఎం. వాళ్లకు ఇచ్చింది. 1995 కచేరీల యాత్రలో బృందంలోని మైక్ మిల్స్ ఈ పాటకు ఆ గిటారే వాయించేవాడు. దీనికి మాత్రం పాత మిక్స్ వినండి, ఆ రొదను తగ్గిస్తే పాటలో సగం పోతుంది.