కరోనా పోయి ఇన్నాళ్లయింది, ఇంకా దాని మీద చదువేంటి? (ఒక తండ్రి ప్రశ్న)

ప్రశ్న: సార్, మాది ఖమ్మం దగ్గర. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ, 2019-22 బ్యాచ్. హైదరాబాద్‌లో మూడేళ్లుగా మెడికల్ కోడింగ్ చేస్తోంది, జీతం బానే వస్తోంది. ఇప్పుడు అది మానేసి పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తా, కరోనా టైంలో యూనివర్సిటీల్లో పిల్లలూ లెక్చరర్లూ ఏమనుకున్నారు, ఎలా నెట్టుకొచ్చారు అనేదాని మీద రిసెర్చ్ చేస్తా అంటోంది. కరోనా అయిపోయింది కదా, దీంట్లో భవిష్యత్తు ఉంటుందా? ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నాం.

జవాబు: నమస్తే అండీ. మీ భయం నాకర్థమైంది, నెలనెలా వచ్చే జీతం వదిలేస్తానంటే ఏ తండ్రికైనా గుండెలో రాయి పడుతుంది. కానీ ఆ అమ్మాయి అడుగుతున్నది గాలికి పుట్టిన ఆలోచన కాదండీ, దాని వెనక చాలా ఉంది, ముందు అది చెప్తాను.

మన దేశంలో మొట్టమొదటి కరోనా కేసు ఎవరో గుర్తుందా? 2020 జనవరి 30న కేరళలో బయటపడింది, చైనాలోని వుహాన్‌లో మెడిసిన్ చదువుతూ ఇంటికొచ్చిన స్టూడెంట్. ఆ తర్వాత రెండు కేసులు కూడా వుహాన్ నుంచొచ్చిన స్టూడెంట్సే. అదే ఏడాది డిసెంబర్‌లో ఐఐటీ మద్రాస్‌లో వంద మందికి పైగా పాజిటివ్ వచ్చింది, అప్పటికి క్యాంపస్‌లో ఉన్నదే కొద్దిమంది, అందరూ తినేది ఒకే మెస్‌లో. అంటే హాస్టల్, మెస్, లైబ్రరీ, సెలవులివ్వగానే బస్సెక్కి పాతిక జిల్లాలకి చెదిరిపోయే పిల్లలు, వైరస్ పాకడానికి ఇలాంటి చోటు ఊళ్లో ఇంకోటి లేదు. అమెరికాలో అరిజోనా యూనివర్సిటీ వాళ్లు 2020 ఆగస్టులో హాస్టల్ మురుగునీటిని టెస్ట్ చేస్తే వైరస్ కనబడింది, వెంటనే అందులో ఉన్న మూడొందల మందికి పైగా టెస్టులు చేస్తే ఇద్దరికి పాజిటివ్, ఇద్దరికీ ఒక్క లక్షణం కూడా లేదు. మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్లు కూడా ఊరి మురుగునీటి మీద అప్పుడే అలాంటి పని చేశారు.

ఇక అనుభవం సంగతి. మీ అమ్మాయి బ్యాచ్‌ని నేను దగ్గర్నుంచి చూశానండీ. ఫస్టియర్ సగంలో లాక్‌డౌన్, ఒక్క రోజు టైమిచ్చి హాస్టల్ ఖాళీ చేయమన్న చోట్లు ఉన్నాయి, పెట్టెలో సగం బట్టలు అక్కడే వదిలేసి వచ్చిన పిల్లలు ఎందరో. మైక్రోబయాలజీ చదివే పిల్ల ఏడాది పాటు మైక్రోస్కోప్ ముట్టుకోకుండా, సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఇంట్లో ఉన్న ఒకే ఫోన్‌ని తమ్ముడితో పంచుకుని క్లాసులు విన్నది. ఫైనలియర్ వాళ్ల బాధ ఇంకో రకం, 2020 జూలైలో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ సెప్టెంబర్ 30 లోపు పరీక్షలు పెట్టాల్సిందే అంది, పిల్లలు సుప్రీంకోర్టుకి వెళ్లారు, ఆగస్టు 28న కోర్టు కూడా పరీక్షల్లేకుండా పాస్ చేయడం కుదరదనే చెప్పింది. ఆ రెండు నెలలు నాకు రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు వచ్చేవి. అదే జూలైలో అమెరికా ప్రభుత్వం వాళ్లు క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే ఎఫ్-1 వీసా (చదువుకోవడానికిచ్చే వీసా) వాళ్లు దేశంలో ఉండకూడదన్నారు, హార్వర్డ్, ఎంఐటీ యూనివర్సిటీలు కోర్టుకెక్కితే ఎనిమిది రోజుల్లో వెనక్కి తీసుకున్నారనుకోండి, కానీ ఆ ఎనిమిది రోజులు ఇక్కడ ఎన్ని ఇళ్లల్లో అమ్మానాన్నలకి నిద్ర లేదో.

ఒకే క్యాంపస్‌లో ఉన్నవాళ్లు కూడా దీన్ని ఒకేలా చూళ్లేదు, మీ అమ్మాయి పట్టుకున్న పాయింట్ అదే అనుకుంటా. ఇరవయ్యేళ్ల కుర్రాడు మాకేం కాదులే అనుకున్నాడు, వాడి భయమంతా ఇంట్లో నాయనమ్మ గురించే. అరవైకి దగ్గరపడ్డ ప్రొఫెసర్‌కి క్లాస్‌రూమ్ తలుపు తీయాలంటేనే భయం. మెస్‌లో వంట చేసేవాళ్లకీ, కాంట్రాక్ట్ మీద ఊడ్చేవాళ్లకీ రోగం కన్నా జీతం ఆగిపోవడమే పెద్ద దెబ్బ, వాళ్ల మాట ఎవరూ అడగలేదు. మళ్లీ 2021 ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్ వచ్చేసరికి ఇదే స్టూడెంట్లు వాట్సాప్ గ్రూపులు పెట్టి రాత్రింబవళ్లు ఆక్సిజన్ సిలిండర్లూ బెడ్లూ వెతికి పెట్టారు. మాస్క్ పెట్టుకోమంటే ఎవరు వింటారు, ఎవరు వినరు, టెస్ట్‌కి ఎందుకు భయపడతారు, ఇవన్నీ తెలియకుండా రేపు ఇంకో వ్యాధి వస్తే ఏ యూనివర్సిటీ అయినా మళ్లీ ఒక్క రోజు టైమిచ్చి ఖాళీ చేయమంటుంది. అందుకే అయిపోయింది కదా అనకండి సార్, తీరిగ్గా కూర్చుని అడగాల్సిన టైం ఇదే, ఇంకో పదేళ్లకి వాళ్లూ మర్చిపోతారు.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్తాను. ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ, చేసినంత మాత్రాన డాక్టర్లతో సమానం అవరు, కొన్ని పోస్టులు ఎంబీబీఎస్ వాళ్లకే. మిగతావాళ్లకి జిల్లా స్థాయిలో వ్యాధుల నిఘా విభాగాలు, నేషనల్ హెల్త్ మిషన్, ఎన్జీవోలు, రిసెర్చ్ ప్రాజెక్టులు ఉంటాయి, వీటిల్లో చాలావరకు కాంట్రాక్టే, మొదటి జీతం ఇప్పుడొచ్చే దానికన్నా తగ్గొచ్చు కూడా. ఇది ఆ అమ్మాయికి ముందే తెలియాలి. అయితే మూడేళ్ల కోడింగ్ మాత్రం వృథా కాదు. కరోనాకి యూ07.1 అని కోడ్ వేసే పిల్లకి ఐసీడీ కోడ్లు, అంటే ఒక్కో జబ్బుకి ఇచ్చే కోడ్లు, కంఠతా వచ్చుంటాయి, హెల్త్ డేటా మీద పనిచేసే చోట అవే కావాలి, దానికి స్టాటిస్టిక్స్, ఆ లెక్కలు చేసే ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ తోడైతే ఫ్రెషర్ల కన్నా చాలా ముందుంటుంది.

చదవడానికి దగ్గర్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. దూరమైనా పర్లేదంటే ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), తిరువనంతపురంలో శ్రీచిత్ర ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. అర్హత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, బీఎస్సీ వాళ్లని తీసుకుంటారా లేదా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడండి, ఏజెంట్ల మాట వద్దు. సెంట్రల్ యూనివర్సిటీల్లో చాలావాటికి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి, ఈమధ్య అది మార్చిలో పెడుతున్నారు.

నేనైతే ఉద్యోగం ఇప్పుడే మానొద్దంటాను. సీటొచ్చేదాకా చేస్తూనే, శని ఆదివారాల్లో తన బ్యాచ్‌వాళ్లు ఓ పది మందితో, వీలైతే కాలేజీ హాస్టల్ వంటమనిషితో కూడా, వాళ్లు ఒప్పుకుంటేనే, కూర్చుని మాట్లాడి రాసుకోమనండి. పది మంది అయ్యాక కూడా పదకొండో మనిషి ఏం చెప్తాడో వినాలనిపిస్తే అప్లికేషన్ పెట్టించండి. సంబంధాల విషయం మాత్రం, వచ్చేవాళ్లకి ఈ రెండేళ్ల చదువు సంగతి మొదటి మాటల్లోనే చెప్పేయండి.