ఓడల పాలసీ రాసే ముందు

తిరుపతి

చి. సుమతికి,

పెదనాన్న ఆశీస్సులు. కాలుష్యం తగ్గించే ఓడల మీద పాలసీ నోట్ రాసే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం అమ్మా. నా ఉద్యోగమంతా ఓడల ఇంజిన్ రూముల్లోనే గడిచింది కాబట్టి తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

కొత్త ఇంజిన్లు వస్తాయి, వస్తున్నాయి కూడా. పని ఆగిపోయేది ఎక్కువగా ఖర్చు ఎవరిది, లాభం ఎవరికి అన్న దగ్గరే. ఓడను టైమ్ చార్టర్‌కి, అంటే కొంత కాలానికి అద్దెకు ఇస్తే ఆయిల్ ఖర్చు అద్దెకు తీసుకున్న కంపెనీది. ఆయిల్ ఆదా చేసే పరికరం బిగించాలంటే మాత్రం డబ్బు పెట్టాల్సింది ఓనరు. ఆదా ఒకరికి పోతుంటే ఇంకొకరు ఎందుకు ఖర్చు పెడతారు? సబ్సిడీ గురించి ఒక్క వాక్యం రాసే ముందు చార్టర్ ఒప్పందం ఒకటి తెప్పించుకుని చదువు.

హార్బర్‌లో ఆగిన ఓడకు ఒడ్డు నుంచి కరెంటు ఇస్తే దాని జనరేటర్లు ఆపేయొచ్చు. వినడానికి తేలికే. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా ఓడలది 60. మధ్యలో పెద్ద కన్వర్టర్ పెట్టాలి. అది పోర్టు కొనాలా, డిస్కమ్ కొనాలా? యూనిట్ రేటు డీజిల్ ఖర్చు కంటే ఎక్కువైతే ఏ ఓడవాళ్లూ కేబుల్ తగిలించుకోరు. కాబట్టి ముందు టారిఫ్ తేల్చండి, ప్రారంభోత్సవం తర్వాత చూసుకోవచ్చు.

ఇక కొత్త ఇంధనాలు. మెథనాల్‌తో నడిచే కంటైనర్ ఓడను మెర్స్క్ అనే ఓడల కంపెనీ 2023లోనే దింపింది. అయితే కిలోకి చూస్తే మెథనాల్‌లో ఓడ ఆయిల్‌లో సగం శక్తే ఉంటుంది. ట్యాంకులు పెరుగుతాయి, ఆ మేరకు సరుకుకు చోటు తగ్గుతుంది. ఇంకో ఇంధనం అమ్మోనియా, అది లీకైతే ఇంజిన్ రూములో ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. సిబ్బంది శిక్షణకు నిధులు నోట్‌లో ప్రత్యేకంగా చూపించు, ఈ విషయంలో మొహమాటపడకు. ఓడ పాతికేళ్లు తిరుగుతుంది, మీ పథకం ఐదేళ్లకే ముగిస్తే బ్యాంకు అప్పివ్వదు.

ఇక అంతర్జాతీయ సముద్రయాన సంస్థ. 2050 నాటికి అటూ ఇటుగా నికర సున్నా ఉద్గారాలని 2023లో ఒప్పుకున్నారు. కర్బన ధర, అంటే ఓడ వదిలే పొగకు డబ్బు కట్టించే నిబంధనల మీద తుది ఓటును 2025 అక్టోబర్‌లో ఏడాది వాయిదా వేశారు. ఆ ఓటు ఎటు పోయినా నిలబడేలా రాయి. యూరప్ మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. 2024 నుంచి తన రేవులకొచ్చే పెద్ద ఓడల పొగకు లెక్కకట్టి వసూలు చేస్తోంది, ఓడ మీద ఎవరి జెండా ఉన్నా సరే. కంపెనీలు దాన్ని సర్‌చార్జిగా సరుకు పంపేవాళ్ల మీద వేస్తున్నాయి.

మన చిత్తూరు తోతాపురి గుజ్జు డ్రమ్ములు ఓడల్లోనే కదా విదేశాలకు పోయేది. ఈ భారం చివరికి బంగారుపాళ్యం మండీలో రైతు రేటు మీద పడే ప్రమాదం ఉంది. ఎవరూ అడగకపోయినా నీ నోట్‌లో ఈ సంగతి ఉండాలి. ఒక గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లి, ఎగుమతి కాగితాలు చూసే గుమాస్తా పక్కన కూర్చో. యూరప్ వెళ్లిన కంటైనర్ బిల్లు చూపించమని అడిగి, ఒక్కో పద్దు రాసుకో.

చార్టర్ ఒప్పందం ఖాళీ నమూనా నా దగ్గర ఉంది, కొరియర్‌లో పంపుతాను. నీ డ్రాఫ్ట్ మాత్రం ప్రింట్ తీసి పంపమ్మా, ఫోన్లో చదవడం కష్టంగా ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న