దసరాకి కొత్త బట్టలు, హాలుకి కొత్త కళ: చీటీ డబ్బు ఎలా వాడాలి?

ప్రశ్న: మాది విజయవాడ, అద్దె ఇల్లు. మావారి జీతం చేతికి 48,000, నా ట్యూషన్ల మీద 9,000 వస్తాయి. అద్దె, ఫీజులు, సరుకులు, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 3,000 సిప్, 2,500 చీటీ పోగా నెలాఖరుకి ఏమీ మిగలదు. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, నెలనెలా కనీసం కట్టాల్సిన మినిమమ్ డ్యూ 1,900 కడుతున్నాం. వచ్చే నెల చీటీ అయిపోయి 50,000 చేతికొస్తాయి. దసరాకి అందరికీ బట్టలు తీయాలి. ఈ ఏడాది అందరూ టిష్యూ చీరలు, మగ్గం వర్క్ జాకెట్లు అంటున్నారు. హాలు మరీ బోసిగా ఉందని ఒక ఇంటీరియర్ షాపులో అడిగితే ఫాల్స్ సీలింగ్, గోడ ప్యానెల్, టీవీ యూనిట్, వాల్‌పేపర్ కలిపి 85,000 అన్నారు. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. 2,000 అడ్వాన్సు ఇచ్చాను. మావారు ఒప్పుకోవడం లేదు. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పండక్కి ఇల్లు కళకళలాడాలని, పిల్లలకి కొత్త బట్టలు వేయాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఏడాదంతా లెక్క చూసుకుంటూ బతికే ఇల్లాలికి ఆ నాలుగు రోజుల సంతోషం చాలా పెద్దది. కాబట్టి ఖర్చే వద్దని నేను చెప్పను. ఆ 85,000 మాత్రం వద్దు. ఆ ఒక్క విషయంలో మీవారి మాటే నా మాట.

ముందు కార్డు సంగతి. మీ కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 38,000 మీద నెలకి వడ్డీ 1,330. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239. రెండూ కలిపి 1,569. మీరు కట్టే 1,900లో అసలుకి చేరేది 331 రూపాయలే. నెలనెలా తప్పకుండా కడుతున్నా బాకీ కదలకపోవడానికి కారణం ఇదే. బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న వస్తువులకి వడ్డీ లేని గడువు కూడా దొరకదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే ఈ కార్డు మీద చీర కొంటే, దాన్ని ఫాల్ కుట్టించడానికి ఇచ్చే లోపే దానికి వడ్డీ పడుతూ ఉంటుంది.

ఇప్పుడు ఆ నో కాస్ట్ ఈఎంఐ. 85,000ని 12 భాగాలు చేస్తే నెలకి 7,083. కార్డు మీద తీసుకున్న ఈఎంఐ మొత్తం ఆ నెల మినిమమ్ డ్యూలో కలుస్తుంది. ఇప్పుడు 1,900 ఉన్నది దాదాపు 9,000 అవుతుంది. చీటీ అయిపోయాక మీకు కొత్తగా మిగిలేది 2,500. మిగతాది ఎక్కడి నుంచి తెస్తారు? పైగా వడ్డీ లేదంటారు కానీ, బ్యాంకు తన వడ్డీ తను లెక్క వేసుకుంటుంది, అంత మేరకు షాపువాళ్ళు ధరలో తగ్గించి చూపిస్తారు. ఏడాదికి 15 శాతం లెక్కన అయితే ఆ వడ్డీ సుమారు 6,500. దాని మీద జీఎస్టీ 1,170 దాకా మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నగదు ఇస్తే బేరమాడి తగ్గించుకోగలిగిన డబ్బు కూడా పోతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇంకో సంగతి. మీది అద్దె ఇల్లు. ఫాల్స్ సీలింగ్ ఊడదీసి పట్టుకెళ్ళలేరు. వాల్‌పేపర్ చింపితే ముక్కలే మిగులుతాయి. గోడ కొలతకి చేయించిన టీవీ యూనిట్ రేపు మారబోయే ఇంట్లో పడుతుందో లేదో తెలియదు. మీరు కంతులు కడుతుంటే ఓనరు గారు వచ్చే ఏడాది ఆ హాలు చూపించి అద్దె పెంచే అవకాశం ఉంది. అందుకే బట్టలకైనా, ఇంటికైనా డబ్బు తీసేముందు ఒకటే అడగండి: ఇది నాతో ఎంతకాలం ఉంటుంది, ఎన్నిసార్లు వాడతాను? రేటు ఆ తర్వాత చూడవచ్చు.

చీటీ డబ్బు రాగానే చేయాల్సిన మొదటి పని, కార్డు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఈ రోజుకి మొత్తం ఎంత కడితే బాకీ సున్నా అవుతుందో కనుక్కోవడం. వడ్డీ రోజువారీ పెరుగుతుంది కాబట్టి స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె సరిపోదు, వచ్చే బిల్లులో కూడా కొంచెం వడ్డీ తేలవచ్చు. అందుకని 38,000 కాకుండా 40,000 పక్కన పెట్టండి. ఇక 10,000 మిగులుతాయి. చీటీ 2,500, కార్డు 1,900 కలిపి నెలకి 4,400 ఖాళీ అవుతాయి కదా, దసరా దీపావళిలోపు రెండు నెలలకి 8,800. మొత్తం 18,800. అప్పు లేకుండా మీ చేతిలో ఉండే పండగ డబ్బు ఇది. 11,000 బట్టలకి, 7,500 ఇంటికి అనుకోండి, 300 చిల్లర ఖర్చులకి.

బట్టల్లో అసలు డబ్బు ఎక్కడ పోతోందో చూస్తే, చాలా ఇళ్ళలో చీర కన్నా జాకెట్టే ఖరీదవుతోంది. 2,500 చీరకి లైనింగ్, కుట్టు కూలి, ఫాల్, పికో, ఆ పైన మగ్గం వర్క్ కలిపితే ఇంకో 4,000. ఆ వర్క్ జాకెట్టు ఆ ఒక్క చీర మీదకే వస్తుంది, ఆ చీర ఏడాదికి రెండుసార్లు కడితే గొప్ప. టిష్యూ చీర అందంగా ఉంటుంది, నేను కాదనను. కానీ మడత పడితే గీత పోదు, ఇంట్లో ఉతకలేం, బీరువాలో కూడా జాగ్రత్తగా పెట్టాలి. ఒక ఏడాది ఆర్గంజా, ఇంకో ఏడాది టిష్యూ, ఆ తర్వాత మరొకటి. ఆ పరుగుని 57,000 రాబడి ఉన్న ఇల్లు అందుకోలేదు, అందుకోవాల్సిన అవసరం కూడా లేదు.

బదులుగా ఇలా చేయండి. ఈసారి మూడు జాకెట్లు కుట్టించుకోండి, చీర ఒక్కటే కొనండి. ఒకటి పెడన కలంకారీ అచ్చు గుడ్డది, ఒకటి బంగారు రంగు బ్రొకేడ్, ఒకటి నలుపు లేదా మెరూన్ ఇక్కత్. బీరువాలో ఉన్న ప్లెయిన్ చీరలన్నీ తీసి ఈ మూడింటితో మార్చి మార్చి కట్టి చూడండి. కాంట్రాస్ట్ జాకెట్టు ఫ్యాషన్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది కాబట్టి పాత చీర కట్టారని ఎవరికీ అనిపించదు. జాకెట్టు గుడ్డలకి వన్ టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్తే, అదే గుడ్డ షోరూములో కన్నా చవగ్గా దొరుకుతుంది. కొనే ఒక్క చీరా మంగళగిరి నేత చీర అయితే నాకు సంతోషం. మీకు పక్క ఊరే. నిజాం అంచు ఉన్న ఆ నూలు చీర ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది, బడికైనా పేరంటానికైనా కట్టుకోవచ్చు. అత్తయ్యగారికి కూడా అదే తీయండి. పండగ ముందు చేనేత సహకార సంస్థ ఆప్కో షాపుల్లో రిబేటు ఇస్తారు, అది చూసుకుని వెళ్ళండి.

రెడీమేడ్ కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తులకి ఒక్కోదాని ధర 2,500 దాకా అయితే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను కలపకముందు 2,500 ఉన్న డ్రెస్సు 2,625కి వస్తుంది. 2,600 ఉన్నది 3,068 అవుతుంది. వంద రూపాయల తేడా ఉన్న డ్రెస్సుకి 443 ఎక్కువ ఇస్తున్నారన్నమాట. ఆ గీత దగ్గర ఉన్న డ్రెస్సులు చూసేటప్పుడు కాస్త కిందవైపే ఉండండి.

పాపకి కొత్త పట్టు పరికిణీ కొనవద్దు. మీ పెళ్ళినాటి చీరల్లో కట్టనిది ఒకటి తీసి కుట్టించండి, అంచు దగ్గర లోపలికి రెండు మడతలు వేసి వదలమని టైలర్‌కి చెప్పండి. పాప ఎదిగిన కొద్దీ ఏడాదికో మడత విప్పితే మూడేళ్ళు వస్తుంది. అయితే కత్తెర పెట్టేముందు ఒక జాగ్రత్త. బాగా పాత పట్టుచీర అయితే జరీలో వెండి ఉండవచ్చు, దానికి మంచి ధర వస్తుంది. గుమ్మంలోకి వచ్చి అడిగేవాళ్ళకి ఇచ్చేయకుండా రెండు చోట్ల చూపించి, జరీ పరీక్ష చేయించాకే నిర్ణయించుకోండి.

ఇక హాలు. 7,500తో ఏం వస్తుందని మీరు అనుకోవచ్చు. చాలా వస్తుంది, ఎందుకంటే హాలు బోసిగా కనిపించడానికి అసలు కారణాలు కిటికీలు, వెలుతురు, ఒకే రంగులో ఉన్న గోడలు. ఈ మూడూ తక్కువ ఖర్చుతో మారతాయి.

కిటికీలతో మొదలుపెట్టండి. నూలు చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. దాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి ఆరడుగులు, పైనా కిందా మడతలు కుట్టాక అయిదున్నర. వెడల్పు 45 అంగుళాలు ఎలాగూ ఉంటుంది. నాలుగడుగుల కిటికీకి రెండు ముక్కలు వేస్తే కుచ్చిళ్ళు నిండుగా పడతాయి. మిగిలిన మూడో ముక్కలో సోఫా దిండ్లకి గలీబులు వస్తాయి, ఆ రెండూ ఒకే గుడ్డవి కావడంతో హాలుకి ఒక జోడీ కుదిరినట్టు ఉంటుంది. చీర మరీ పల్చగా ఉంటే వెనక పాత దుప్పటి లైనింగ్ వేయించండి. పట్టు మాత్రం కిటికీకి వేయకండి, ఎండకి రంగు పోయి పోగులు చిట్లుతాయి. రాడ్లు, కుట్టు కూలి కలిపి 2,000లో పని అయిపోతుంది. ఇల్లు మారితే తెరలు మడిచి పెట్టెలో పెట్టుకోవడమే.

తర్వాత ఒక్క గోడ. ఓనరు గారిని అడిగి, ఆయన సరేనన్నాకే చేయండి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తీసుకుంటే మంచిది. టీవీ వెనక గోడ పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉంటే 100 చదరపు అడుగులు, రెండు కోట్లకి సుమారు రెండు లీటర్ల ఎమల్షన్ సరిపోతుంది. సాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, అంచులకి మాస్కింగ్ టేప్ అంటించి, రోలర్‌తో మీరూ మీవారూ ఆదివారం వేసేయవచ్చు. మొదటి కోటు పూర్తిగా ఆరాకే రెండోది. వానలకి గోడ చెమ్మ పట్టి ఉంటే తొందరపడవద్దు, ఎంత మంచి రంగు వేసినా పొక్కుతుంది. రంగు, రోలర్, టేప్ కలిపి 1,500 నుంచి 2,000 పెట్టుకోండి. ఓనరు ఒప్పుకోకపోతే ఈ డబ్బుతో కలంకారీ గుడ్డ కొని, చెక్క బద్దకి బిగించి ఆ గోడకి వేలాడదీయండి.

తెల్లగా కొట్టే ట్యూబ్‌లైటు చదువులకి ఉంచి, సాయంత్రాలకి రెండు వార్మ్ వైట్ ఎల్ఈడీ బల్బులు పెట్టండి. ఇంత తక్కువ డబ్బుకి ఇంత తేడా తెచ్చేది ఇంకొకటి లేదని నా నమ్మకం. మనీ ప్లాంట్ కొమ్మ పక్కింట్లో అడిగినా ఇస్తారు. మట్టి కుండీలకి పిల్లల చేత తెల్ల రంగుతో ముగ్గులు వేయించండి. అటక మీద అత్తయ్యగారి ఇత్తడి బిందెలు ఉంటే దించి చింతపండుతో తోమి గుమ్మం పక్కన పెట్టండి, వాటి ముందు ఏ షోపీసూ నిలవదు. ఇంకా డబ్బు మిగిలితే కొండపల్లి వెళ్ళి ఒక జత బొమ్మలు తెచ్చుకోండి. తెల్ల పొణికి చెక్కతో చేసే ఆ బొమ్మలు బొమ్మల కొలువుకి ఏటా పనికొస్తాయి, పిల్లలకి తయారీ చూపించినట్టూ అవుతుంది.

పండగ అయ్యాక, డిసెంబర్‌లో 2,500తో బ్యాంకులో నెలనెలా డబ్బు కట్టే తొమ్మిది నెలల ఆర్‌డీ మొదలుపెట్టండి. సెప్టెంబర్‌కి 22,500, పైన కొంచెం వడ్డీ చేతికొస్తుంది, వచ్చే దసరా ఖర్చు అదే. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి కుదరదు, అది అయిదేళ్ళది. చీరల షాపుల నెలవారీ స్కీముల్లో చేరకండి, చివరికి ఆ షాపులోనే, వాళ్ళు చెప్పిన రేటుకే కొనాల్సి వస్తుంది. మిగిలిన 1,900 వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి, అనుకోని అవసరాలకి. చిన్న మొత్తమే, ట్యూషన్ పిల్లలు పెరిగినప్పుడల్లా దాన్ని పెంచండి. సిప్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దు.

ఆ 2,000 అడ్వాన్సు గురించి. ఇచ్చేశాం కదా అని 85,000కి ముందుకెళ్ళకండి. పని ఇంకా మొదలుకాలేదు కాబట్టి రసీదు తీసుకుని మీవారితో కలిసి షాపుకి వెళ్ళి, ఆర్డర్ రద్దు చేస్తున్నామని రాసి ఇవ్వండి, దాని ఫోటో తీసుకోండి. రసీదు మీద తిరిగి ఇవ్వబడదని లేకపోతే గట్టిగా అడగండి. వాళ్ళు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకవేళ ఆ డబ్బు రాకపోయినా సరే, ఈఎంఐ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.