సలహా మండలిలో పెద్ద పేర్లున్నాయని మీడియా మేనేజ్‌మెంట్ కోర్సులో చేరవచ్చా?

జర్మనీలో టెలివిజన్, మీడియా మేనేజ్‌మెంట్ నేర్పే ఒక సంస్థ, ఐరోపాలోని పెద్ద చానళ్ళ అధిపతులు తన సలహా మండలిలో ఉన్నారని చెబుతోందనీ, ఆ భరోసాతో అక్కడ చేరవచ్చా అనీ మీరు అడిగారు. హైదరాబాదులో ఒక చానల్ కార్యక్రమాల విభాగంలో అయిదేళ్ళు పనిచేసి, తర్వాత అటువంటి సంస్థలోనే ఏడాది చదివాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మండలి వల్ల ప్రయోజనం ఉంది, కాని అది బ్రోషర్‌లో చూపించే చోట ఉండదు.

మా సంస్థ బ్రోషర్‌లో 14 మంది పెద్దల ఫొటోలు ఉండేవి. ఏడాది మొత్తంలో మండలి తరఫున తరగతికి వచ్చినవారు నలుగురు. వారిలో ఇద్దరు తమ కంపెనీ గురించి స్లైడ్లు చూపించి, మా పేర్లైనా అడగకుండా సాయంత్రం విమానానికి వెళ్ళిపోయారు. మూడో వ్యక్తి అసలు మండలి సభ్యురాలే కాదు. సభ్యుడైన పై అధికారికి తీరిక లేక, ప్రసార హక్కుల కొనుగోలు చూసే ఆవిడను తన బదులు పంపించారు. నేను ఆ ఏడాదిలో నేర్చుకున్నదాంట్లో సగం ఆవిడ దగ్గర రెండు రోజుల్లో నేర్చుకున్నదే.

ఆవిడ పేర్లన్నీ నల్ల సిరాతో కొట్టేసిన ఒక పాత ఒప్పందం తెచ్చారు. ఆరు భాగాల ధారావాహిక. మూడు దేశాల చానళ్ళు కలిసి డబ్బు పెట్టాయి. ఎవరు ఏ దేశంలో, ఎప్పటి నుంచి, ఎంతకాలం ప్రసారం చేసుకోవచ్చో మమ్మల్ని పట్టిక వేసి తేల్చమన్నారు. మేము జర్మన్ చానల్‌కు జర్మనీ రాసి, పని అయిపోయిందనుకున్నాము. ఆస్ట్రియాను, స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడే ప్రాంతాన్ని ఎవరికి అమ్ముతారని ఆవిడ అడిగే దాకా, అక్కడ హక్కులను తరచు దేశం లెక్కన కాక భాష లెక్కన బేరమాడతారన్న ఊహే మాకు రాలేదు. ఆ తర్వాత అసలు చిక్కు ఎదురైంది. ఒకప్పుడు జర్మనీలో ప్రజలు కట్టే రుసుముతో నడిచే ప్రజా ప్రసార సంస్థలు తమ కార్యక్రమాలను ఆన్‌లైన్‌లో సాధారణంగా ఏడు రోజులే ఉంచేవి. 2019లో ఆ నియమం పోయి, మరింత కాలం ఉంచుకునే వెసులుబాటు వచ్చింది. చానల్ ఆన్‌లైన్‌లో నెలల తరబడి ఉచితంగా దొరికే ధారావాహికకు ఓటీటీ సంస్థ పాత ధర ఎందుకిస్తుంది? ఆ నష్టాన్ని నిర్మాతకు ఎవరు పూడుస్తారు? మేము వేసిన లెక్కలో ఈ రెండు ప్రశ్నలూ లేవు. సినిమా శాటిలైట్ హక్కులు, డిజిటల్ హక్కులు అంటూ రెండు మాటల్లో బేరం తేలడమే ఎక్కువగా చూసిన నాకు, ఆ పట్టికలోని గళ్ళు చూసి తల తిరిగింది.

ఈ పని పాఠ్యపుస్తకంతో రాకపోవడానికి కారణం, ఐరోపాలో నియమాలు ఉన్నచోట ఉండకపోవడమే. ఓటీటీ సంస్థల కార్యక్రమాల జాబితాలో కనీసం 30 శాతం ఐరోపాలో తీసిన సినిమాలు, కార్యక్రమాలు ఉండాలని 2018లో సవరించిన ఐరోపా సమాఖ్య ఆదేశం చెబుతుంది. దాని ఆధారంగా ఒక్కో దేశం తన చట్టం తాను చేసుకుంది. ఫ్రాన్స్ 2021లో, అక్కడ వ్యాపారం చేసే విదేశీ ఓటీటీ సంస్థలు ఫ్రాన్స్‌లో వచ్చే రాబడిలో 20 నుంచి 25 శాతం ఫ్రెంచ్, ఐరోపా సినిమాలు, కార్యక్రమాలు తీయడానికి పెట్టాలని నిర్ణయించింది. ప్రజా ప్రసారానికి డబ్బు వచ్చే దారి కూడా ఒక్కటి కాదు. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా 2013 నుంచి జర్మనీలో ప్రతి ఇంటికీ రుసుము ఉంది. 2021 ఆగస్టు నుంచి అది నెలకు 18.36 యూరోలు. ఫ్రాన్స్ మాత్రం ఏడాదికి 138 యూరోల రుసుమును 2022లో రద్దు చేసింది. పక్కపక్కన ఉన్న రెండు దేశాల్లో ఒకే హోదాలో పనిచేసే ఇద్దరు మేనేజర్లకు బడ్జెట్ భయాలు వేరువేరుగా ఉంటాయి. వాటిని రోజూ అనుభవించేవారు వచ్చి చెబితేనే విద్యార్థికి అర్థమవుతాయి.

అయితే సలహాదారుల మాట స్వచ్ఛమైన సలహా అనుకోకండి. విద్యార్థుల ప్రతినిధిగా నేను ఒకసారి పాఠ్యప్రణాళిక సమావేశంలో కూర్చున్నాను. ప్రకటనల మీద బతికే చానల్ నుంచి వచ్చినాయన ప్రకటనల అమ్మకం, ప్రేక్షకుల గణాంకాలు పెంచమన్నారు. ప్రజా ప్రసార సంస్థ నుంచి వచ్చినాయన చట్టం, ప్రజాబాధ్యత పెంచమన్నారు. గంటన్నర వాదన తర్వాత నాకు తోచింది, ఇద్దరూ తమ సంస్థకు రేపు కావలసిన ఉద్యోగినే అడుగుతున్నారని. సొంతంగా నిర్మాణ సంస్థ పెట్టాలనుకునే విద్యార్థి తరఫున ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా. అది ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

నాలుగో అతిథి ఫార్మాట్లు, అంటే ఒక దేశంలో ఆడిన షో నమూనాను వేరే దేశాల చానళ్ళకు అమ్మే మనిషి. నెదర్లాండ్స్‌లో 1999లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ 2017లో స్టార్ మాలో తెలుగు ‘బిగ్ బాస్’ కావడం, 1998లో బ్రిటన్‌లో మొదలైన క్విజ్ 2014లో మా టీవీలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ కావడం నాకు తెలిసిన సంగతులే. కాని అమ్ముడయ్యేది ఆలోచన కాదనీ, సెట్టు కొలతల నుంచి లైటింగ్ దాకా రాసిపెట్టిన నిర్మాణ గ్రంథమూ, దానితోపాటు వచ్చే నిపుణుడి సలహా అనీ ఆయన చెప్పాకే స్పష్టమైంది.

కాబట్టి మీరు చేరే ముందు గత బ్యాచ్‌లో చదివిన ఇద్దరు ముగ్గురికి రాసి, సలహాదారులు ఎన్ని రోజులు తరగతిలో గడిపారో, తమ సంస్థల నుంచి నిజమైన సమస్యలు తెచ్చారో లేదో అడగండి. మండలి చెప్పడం వల్ల గత రెండేళ్ళలో ఏ పాఠం మారిందని సంస్థను నేరుగా అడగండి. నీళ్ళు నమిలితే మీకు జవాబు దొరికినట్టే. అంతకంటే ముందు, అది అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉన్న డిగ్రీ ఇస్తుందా, ఉత్త సర్టిఫికెట్ ఇస్తుందా చూసుకోండి. జర్మనీలోని గుర్తింపు పొందిన ఉన్నత విద్యాసంస్థలో డిగ్రీ పూర్తిచేసినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు నివాస అనుమతి దొరుకుతుంది. ఆ విషయంలో మండలిలోని పేర్లు మీకు పనికిరావు. పాఠ్యప్రణాళికలో తప్పనిసరి అని రాసిన ఇంటర్న్‌షిప్‌కు అక్కడి కనీస వేతన చట్టం వర్తించదు గనుక, సలహాదారుల సంస్థల్లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని చెబితే, ఆ నెలల అద్దె ఎవరి జేబులోంచి పోతుందో కూడా అడిగి తెలుసుకోండి. నాకు మూడు నెలలు నాన్నగారు పంపారు.