ఇంగ్లండ్ తోటల కోసం సీనియర్ సిటిజన్ డిపాజిట్ కదపాలా?

ప్రశ్న: నా వయసు 63, మా వారికి 67. టీచరుగా రిటైరయ్యాను, నెలకు 46 వేలు పెన్షన్. నాన్నగారికి కడియంలో నర్సరీ ఉండేది. ఇంగ్లండ్ తోటలు చూడాలన్నది అప్పటి కోరిక. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు (14 నెలలైంది), ఫిబ్రవరిలో గడువు తీరే ఎఫ్‌డీ 6 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 2 లక్షలు ఉన్నాయి. తొమ్మిది రోజుల ప్యాకేజీ ఇద్దరికీ ఏడున్నర లక్షలంటున్నారు. స్కీము డబ్బు తీయమంటారా?

జవాబు: వద్దండీ. ఆ స్కీములోంచి కావలసినంత మటుకే తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లు నిండకుండా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, అంటే 22,500 కోత. పైగా 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి చేతికొచ్చే 30,750 ఆగిపోతుంది. ఎఫ్‌డీ ఉండగా ఈ తంటా ఎందుకు?

నాకు నచ్చనిది ప్యాకేజీ. మీరు పంపిన కాగితంలో తొమ్మిది రోజులకీ కలిపి తోటలు రెండే, ఒక్కోచోట గంటన్నర. కెంట్‌లోని సిసింగ్‌హర్స్ట్‌ను రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్ దంపతులు 1930లో కొని, గోడలూ పొదల కంచెలూ అడ్డుపెట్టి గదులు గదులుగా తోట వేశారు. తెల్లపూల గది ఒక్కటి చూడ్డానికే మీకు ఆ గంటన్నరా చాలదు. గులాబీలు జూన్‌లో బాగుంటాయి. కాబట్టి జూన్‌లో సొంతంగా వెళ్లండి. అయిదు రాత్రులు కెంట్‌లో, అయిదు విల్ట్‌షర్‌లో ఉంటే చాలు. టిక్కెట్లకు 1.6 లక్షలు, వీసా, ఇన్సూరెన్స్‌లకు 60 వేలు, బసకు లక్షన్నర, తిండికీ తిరగడానికీ 1.3 లక్షలు. నా అంచనా అయిదు లక్షలు. ఎఫ్‌డీలో మిగిలే లక్ష రూపాయలు, పౌండు రేటు పెరిగితే పనికొస్తాయి. స్టేషన్ నుంచి తోటకు టాక్సీ ఖర్చు తక్కువేం కాదు, అదీ ఇందులోనే వేశాను. ఇద్దరికీ కలిపి టూ టుగెదర్ రైల్‌కార్డ్ ఒకటి తీసుకుంటే రైలు టిక్కెట్లలో మూడో వంతు తగ్గుతుంది.

విల్ట్‌షర్‌లో స్టవర్‌హెడ్ చూడండి. చెరువు చుట్టూ ఆ తోట వేయించిన హెన్రీ హోర్ బ్యాంకరు. మనవడికి ఎస్టేటు రాసిస్తూ, బ్యాంకు వ్యాపారంలోంచి తప్పుకోవాలని షరతు పెట్టాడు. బ్యాంకు మునిగినా తోట మునగకూడదని ఆయన ముందుచూపు. మా వృత్తివాళ్లకు ఇలాంటి మనిషి ముద్దొస్తాడు! మీరు దాన్నే తిరగేయండి: తోటల డబ్బు ఎఫ్‌డీ వరకే, స్కీమూ ఆ రెండు లక్షలూ ముట్టుకోవద్దు.

ఎఫ్‌డీ డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడితే వీసా వాళ్లకు అనుమానం రావచ్చు, మెచ్యూరిటీ రసీదు జత చేయండి. ఇన్సూరెన్స్ ఫారంలో బీపీ, షుగర్ దాచొద్దు. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేరితే మనలాంటి విజిటర్ల దగ్గర అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. టీ కొట్టులో కార్డు పెట్టగానే మెషీన్ రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలంటే రేటు వాళ్లు పెట్టిందే.

కడియం ఆడపడుచు కదా, గులాబీ కొమ్మ ఒకటి తెచ్చి అంటు కట్టాలనిపిస్తుంది. పర్మిట్ లేకుండా మొక్కలూ విత్తనాలూ మన దేశంలోకి తేనివ్వరు. ఫొటో తీసుకోండి.