9వ తరగతి పిల్లలు మాట వినక, చెయ్యి లేచేదాకా వస్తే టీచర్ ఏం చేయాలి?

9వ తరగతిలో 55 మంది, భోజనం తర్వాత లెక్కల పీరియడ్. అరిచి అరిచి గొంతు పోతోంది, ఎవరినైనా కొట్టేస్తానేమోనని భయంగా ఉంది అని ఒక టీచర్ అన్నారు. ముందు ఆ భయం సంగతి.

చెయ్యి లేవబోతోందనిపించగానే చేతిలో ఉన్న డస్టర్ బల్లమీద పెట్టేయండి. భయపెడదామని విసిరింది కూడా కంటికి తగలొచ్చు. ఆ పిల్లాడికి నాలుగడుగులు దూరం జరిగి, బోర్డు మీద ఒక లెక్క మొదటినుంచి చివరిదాకా రాయండి. అప్పటికీ కోపం దిగకపోతే పిల్లల్ని వదిలేసి బయటికి వెళ్లొద్దు. లీడర్‌ని పంపి పక్క గది టీచర్‌ని పిలిపించండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసిక వేధింపునూ నిషేధించింది. అది 14 ఏళ్లలోపు వాళ్లకే కదా అనుకోకండి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ 18 ఏళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. గోడకుర్చీ వేయించడం, గుంజీలు తీయించడం కొట్టడం కిందికి రావులే అనుకోవడం ప్రమాదం.

ఇక క్లాసు. గొడవ పాఠం మధ్యలో పుట్టదు, మొదటి ఐదు నిమిషాల్లో పుడుతుంది. 55 పేర్లూ పిలిచేసరికి, పేరు అయిపోయినవాడు ఖాళీ. అందుకే గదిలోకి రాగానే నిన్నటి పాఠంలోంచి మూడు చిన్న లెక్కలు బోర్డు మీద వేయండి. వాళ్లు చేస్తుంటే, కూర్చున్న వరస చూసి హాజరు వేసుకోండి. మౌనంగా నిలబడితే వాళ్లే సర్దుకుంటారని కొందరు చెబుతారు. బోర్డు మీద పని లేనప్పుడు ఆ మౌనం వాళ్లకు ఆటే అవుతుంది.

చూస్తే అల్లరి అంతా ముగ్గురు నలుగురిదే ఉంటుంది. వాళ్లను ముందు బెంచీలో కూర్చోబెట్టకండి, వెనక 50 మంది ప్రేక్షకులు దొరుకుతారు. చివరి బెంచీ వాళ్ల రాజ్యం. రెండో, మూడో వరసల్లో, నడిచే దారి పక్కన, ఒకరికొకరు కనబడకుండా విడదీయండి. మందలించేటప్పుడు దగ్గరికెళ్లి, తగ్గు గొంతుతో పేరు, చేయాల్సిన పని మాత్రమే చెప్పి వెంటనే ముఖం తిప్పుకోండి. అక్కడే నిలబడి చూస్తే పంతం పెరుగుతుంది. ఒకడి తప్పుకు క్లాసంతటినీ శిక్షిస్తే మంచిపిల్లలు కూడా వాడి పక్షం చేరతారు.

చాలామంది వదిలేసేది ఒకటుంది. ఆ నలుగురినీ విడివిడిగా పిలిచి 5వ తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి, భాగహారం ఒకటి చేయించండి. రానివాడే ఉంటాడు వాళ్లలో. మొద్దు అనిపించుకోవడం కంటే రౌడీ అనిపించుకోవడమే వాడికి నయం. వాడికి రోజూ పది నిమిషాలు, ఎవరూ చూడకుండా, రెండు లెక్కలు నేర్పి, మర్నాడు సరిగ్గా అవే బోర్డు మీద చేయించండి.

తల్లిదండ్రులకు మొదటి ఫోన్ ఫిర్యాదు కాకూడదు. కూలిపని మానుకుని వచ్చిన తండ్రి అందరి ముందూ కొడుకును బాదాడంటే ఆ కుర్రాడు ఇక మీకు దక్కడు. సాయంత్రం చేసి, వాడు చేసిన ఒక మంచి పని చెప్పండి.

అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, పీరియడ్, వాడన్న మాట ఉన్నదున్నట్టు, మీరేం చేశారు. 'దురుసుగా ప్రవర్తించాడు' అని రాస్తే రేపు ఎందుకూ పనికిరాదు. వారానికోసారి హెడ్‌మాస్టర్ గారి సంతకం తీసుకోండి. ఆ పుస్తకం చేతిలో ఉన్నప్పుడే లెక్కల పీరియడ్ ఉదయానికి మార్చమని అడగండి.