తప్పిపోయిన ఒక స్వరం: యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. న్యూ ఆర్డర్ అనే మాంచెస్టర్ సంగీత బృందం 1987లో తెచ్చిన 'సబ్‌స్టెన్స్' సంకలనాన్ని ఇన్నేళ్ల తర్వాత విని రాశానన్నావు. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. 'కాలాతీతం' అన్న మాట నాలుగు చోట్ల ఉంది, 'నేటికీ తాజాగా' అన్నది మూడు చోట్ల. ఆ ఏడు చోట్లా నువ్వు పాట వినడం ఆపేసి పొగడ్త రాశావు. మిగతా చోట్ల నిజంగా విన్నావు. విన్న చోట్లు బాగున్నాయి కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మొదట 'టెంప్టేషన్' గురించిన పేరా సంగతి. ఆ పాటలో 1982 నాటి తొలి తడబాటు వినిపిస్తుందని, గాయకుడు అప్పుడప్పుడే తన గొంతు వెతుక్కుంటున్నాడని రాశావు. వాక్యం అందంగా ఉంది. కానీ ఆ సంకలనంలో ఉన్నది 1982 నాటి పాట కాదు, తమ్ముడూ. 'టెంప్టేషన్'నీ 'కన్‌ఫ్యూజన్'నీ ఈ సంకలనం కోసమే 1987లో మళ్లీ పాడి, మళ్లీ వాయించి రికార్డు చేశారు. నువ్వు విన్న గొంతు ముప్ఫై ఒకటేళ్ల బెర్నార్డ్ సమ్నర్‌ది. నువ్వు వర్ణించింది ఇరవై ఆరేళ్లవాడిని. చెవికి అందినది రాయకుండా, పాట పుట్టిన సంవత్సరం చూసి రాసేశావు. సంగీతం గురించి రాసేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే.

పన్నెండు అంగుళాల రికార్డుగా వచ్చిన ఆ 1982 పాటను తెచ్చుకుని, రెండూ వెంట వెంట విను. పాతదానిలో దరువుకీ గొంతుకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. గాయకుడు పైస్థాయికి వెళ్లిన ప్రతిసారీ అందుతుందో లేదో అన్న భయం మనకు పడుతుంది. కళ్ల రంగులు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయే చోట ఆ భయం ఎంత హాయిగా ఉంటుందో విను. కొత్తదానిలో భయం లేదు. దరువు గట్టిపడింది, అంచులు నున్నబడ్డాయి. ఆ ఐదేళ్లలో వీళ్లు చూసిన ప్రపంచమే అందుకు కారణం. 1982 మే నెలలో మాంచెస్టర్‌లో 'హాసియెండా' అనే నృత్యశాల తెరుచుకుంది. వీళ్ల రికార్డుల కంపెనీ ఫ్యాక్టరీ, వీళ్లు కలిసి దాన్ని నడిపారు, వీళ్ల సంపాదన చాలావరకు అందులోకే పోయింది. 1983లో న్యూయార్క్ వెళ్లి ఆర్థర్ బేకర్ అనే నిర్మాతతో 'కన్‌ఫ్యూజన్' చేశారు. జనం కాళ్లు ఏ దెబ్బకు కదులుతాయో దగ్గర నుంచి చూసినవాళ్లు 1987లో తమ పాత పాటను దిద్దుకున్నారు. నాకు పాతదే ఇష్టం. నీకు కొత్తది నచ్చవచ్చు. ఏది నచ్చినా, తేడా ఏమిటో పాఠకుడి చెవిలో పడేలా రాయి.

ఇప్పుడు నీ వ్యాసంలో లేని సంగతికి వస్తాను. నువ్వు ఈ సంకలనాన్ని ఒక పెట్టెలా చూశావు, లోపల పన్నెండు పాటలు భద్రంగా ఉన్నాయన్నట్టు. కానీ ఇది ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్న చూపు. ఫ్యాక్టరీ కంపెనీని నడిపిన టోనీ విల్సన్ కొత్తగా కొన్న కారులో సీడీ ప్లేయరు ఉందట, సింగిల్స్ అన్నీ అందులో వరసగా వినాలని ఆయన కోరిక. ఈ సంకలనం అలా పుట్టిందని ఆ బృందంవాళ్లే చెబుతారు. అప్పటిదాకా ఆ పాటల్లో చాలావాటికి ఆల్బమ్‌లలో చోటు లేదు. 1983 నాటి 'బ్లూ మండే' సైతం అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన వీళ్ల ఆల్బమ్‌లో లేదు. విడివిడి రికార్డులుగా ఇంటింటా చెల్లాచెదురైన పాటలు మొదటిసారి ఒక వరసలోకి వచ్చాయి. వరస కోసం కొన్నింటిని కత్తిరించారు, రెండింటిని మళ్లీ చేశారు, చివర 'ట్రూ ఫెయిత్' అనే కొత్త పాటను చేర్చారు. అది బ్రిటన్ అమ్మకాల జాబితాలో నాలుగో స్థానానికి చేరింది. 2023లో ఈ సంకలనాన్నే మళ్లీ శుభ్రపరిచి విడుదల చేశారు. నీ చెవికి చేరేసరికి ఈ పాటల మీద ఎన్ని చేతులు పడ్డాయో చూడు.

మొదటి పాట 'సెరిమనీ' దగ్గర ఈ విషయం గుండెకు తగులుతుంది. అది న్యూ ఆర్డర్‌కు ముందు వీళ్లున్న బృందం జాయ్ డివిజన్ చివరి రోజుల పాట. 1980 మే 18న ఆ బృందం గాయకుడు ఇయాన్ కర్టిస్ తన ఇరవై మూడో ఏట, అమెరికా ప్రయాణానికి ముందు, ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురూ పేరు మార్చుకుని, ఆ పాటనే తమ మొదటి రికార్డుగా తెచ్చారు. సాహిత్యం కాగితం మీద లేదు. పాత టేపులో కర్టిస్ గొంతు సరిగా వినపడదు. ఆ టేపును, ధ్వనిలో హెచ్చుతగ్గులు సరిచేసే ఈక్వలైజర్ గుండా పోనిచ్చి, మాటమాటా చెవితో పట్టుకుని రాసుకున్నారు. పోయిన స్నేహితుడి గొంతును టేపులోంచి వెలికి తీసి, ఆ మాటలనే తన నోటితో పాడవలసి రావడం ఎలా ఉంటుందో ఊహించు. గిలియన్ గిల్బర్ట్ బృందంలో చేరాక, ఆ మొదటి రికార్డు వచ్చిన 1981లోనే, ఆ పాటను మళ్లీ రికార్డు చేశారు. సంకలనంలో ఉన్నది ఆ రెండోదే. ఈ పాట గురించి నువ్వు 'మృత్యువు నీడ' అని రాసి ముందుకు సాగిపోయావు. ఆ మాట కొట్టేయి. ఒక మనిషి మరణాన్ని మన వాక్యానికి నగలా తొడగకూడదు. ఈక్వలైజర్ సంగతి రాయి, చాలు. పాఠకుడు తనంత తానే ఆగిపోతాడు.

'బ్లూ మండే' దగ్గర నువ్వు అట్ట గురించిన కథ రాశావు. ఫ్లాపీ డిస్కులా కోసిన అట్ట, పేరు అక్షరాల్లో రాయకుండా రంగుల గుర్తుల్లో దాచిన పీటర్ సావిల్ పనితనం, ప్రతి కాపీకీ కంపెనీకి నష్టమన్న మాట. ఆ నష్టం కథ అందరూ రాస్తారు, లెక్క మాత్రం చెప్పేవాడిని బట్టి మారుతూ ఉంటుంది. దాన్ని వదిలేయి. దానికి పెట్టిన పేరాలో దరువు గురించి రాయి.

నేను ఈ పాటను మొదటిసారి హాస్టల్ గదిలో విన్నాను. పక్క గది మిత్రుడు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. అట్ట మీద ఏమీ రాయలేదు. బృందం పేరు తెలియదు, ఊరు తెలియదు, పాట పేరు తెలియదు. టేప్‌రికార్డరులో బ్యాటరీలు తగ్గిన రాత్రుల్లో దరువు బరువెక్కి, మెల్లగా నడిచేది. నిదానంగా పడే దెబ్బల మధ్య ఒక్కసారిగా తడబడ్డట్టు గబగబా పడే దెబ్బలు. ఇది మనిషి వాయించినదా, యంత్రమా అని చాలా రాత్రులు ఆలోచించాను. గొంతు ఎంతకీ రాదు. రెండు నిమిషాలు దాటాక వస్తుంది. ఆ రెండు నిమిషాల నిరీక్షణే నాకు పాటగా మిగిలింది. నువ్వు కూడా ముందు చరిత్ర ఏదీ చదవకుండా ఒక పూట ఇలా విని ఉంటే బాగుండేది. వినడం ముందు, చదవడం తర్వాత. నీ వ్యాసంలో ఈ క్రమం తిరగబడింది.

అది యంత్రమే. ఓబర్‌హైమ్ కంపెనీ తయారుచేసిన డీఎంఎక్స్ డ్రమ్ మెషీన్. కింద నడిచే సింథసైజర్ వరసను నడిపింది సమ్నర్ విడిభాగాలు తెచ్చి సొంతంగా అమర్చుకున్న సీక్వెన్సర్, అంటే ఎక్కించిన స్వరాలను వరసగా వాయించే యంత్రం. అప్పట్లో ఒక్కొక్క స్వరాన్ని చేత్తో ఎక్కించాలి. ఆ పని గిల్బర్ట్‌ది. పాట మొదటి నుంచి చివరిదాకా స్వరాలన్నీ కాగితాల మీద రాసుకుని, ఆ కాగితాలను ఒకదానికొకటి టేపుతో అతికించింది. స్టూడియో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచిన స్వెటర్ అల్లిక నమూనాలా ఉండేదట. అంత కాగితంలో ఎక్కడో ఒక స్వరం ఎక్కించడం మరిచిపోయింది. దాంతో రాగం దరువు కంటే కాస్త పక్కకు జరిగింది. అలాగే ఉంచేశారు. కోట్ల మంది ఆడిన పాటలో ఒక అమ్మాయి వేలు తప్పిన చోటు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పు, ఇది కాలాతీతమా? నాకైతే ఈ పాటలో 1983 అణువణువునా వినిపిస్తుంది. ఆ యంత్రానికి అంతకంటే చేతకాదు, ఆ కాగితాలకు అంతకంటే పొడుగు లేదు. అందుకే దీన్ని ప్రేమిస్తాను. పాటకు దాని కాలాన్ని తీసేస్తే ఆ అమ్మాయినీ, ఆ కాగితాలనూ కూడా తీసేసినట్టే.

పీటర్ హుక్ బేస్ గిటార్ గురించి ఒక్క వాక్యమే రాశావు, 'విలక్షణం' అని. మామూలుగా బేస్ అడుగున ఉండి గోడ మోస్తుంది. ఇతని బేస్ పైకెక్కి రాగం పాడుతుంది. జాయ్ డివిజన్ రోజుల్లో సాధన గదిలో సమ్నర్ గిటార్ మోతకు ఇతని నాసిరకం ఆంప్లిఫయర్ ఆగేది కాదు. కింది తీగలు వినపడక, పై స్వరాలు మీటితే తన వాద్యం తనకు వినపడింది. కర్టిస్‌కు అది నచ్చింది. చవక సామాను వల్ల ఒక బాణీ పుట్టింది. 'విలక్షణం' అన్న మాట ఇంత సంగతిని మింగేస్తుంది.

'హిట్' అన్న మాటనూ కొంచెం అనుమానించు. 'బిజార్ లవ్ ట్రయాంగిల్' 1986లో బ్రిటన్ జాబితాలో 56వ స్థానం దాటలేదు. ఈ రోజు ఆ బృందం పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చే పాటల్లో అదొకటి. దాన్ని హిట్ చేసింది ఆ వారం అమ్మకాలు కావు, తర్వాతి ఏళ్లలో దాన్ని వదలని చెవులు. అలాగే 'షెల్‌షాక్' నాకు ఇప్పుడు విసుగు పుట్టిస్తుంది, సరుకు తక్కువ, సందడి ఎక్కువ. నీకూ అలాగే అనిపించిందని నీ వ్యాసం ఆ చోట నీరసపడటంలోనే తెలుస్తోంది, కానీ రాయలేదు. రాయి. పన్నెండు పాటలనూ సమంగా మెచ్చుకునేవాడి మెప్పును ఎవరూ నమ్మరు. 'పర్ఫెక్ట్ కిస్' మధ్యలో కప్పల బెకబెక వచ్చినప్పుడు నువ్వు నవ్వానని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను నిన్ను పూర్తిగా నమ్మాను.

భాష గురించి ఒక మాట. ఇంగ్లీషు సమీక్షల్లోని విశేషణాలను తెలుగులోకి దించుకుంటూ పోయావు. 'హిమశీతల ధ్వని', 'మెరిసే శబ్దతలం'. వీటిని ఏ తెలుగు చెవీ వినలేదు. డప్పు మీద దరువు మారితే అడుగు మార్చే జనం మనం. దరువు, మోత, మీటు, బిగువు, సడి, జారు, ఎడం, తాళం తప్పడం: ఈ మాటలన్నీ మన ఇళ్లలో వాడుకలో ఉన్నవే. మాంచెస్టర్ యంత్రం దెబ్బకు కూడా ఇవి సరిపోతాయి. సింథసైజర్‌ను సింథసైజర్ అనే అను, దానికి సంస్కృతంలో పేరు పెట్టకు. అది చేసే సడిని మాత్రం తెలుగులో చెప్పు.

వ్యాసం ఇప్పుడే ఎవరికీ పంపకు. ఈ వారమంతా రెండు 'టెంప్టేషన్'లు విను, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోను పక్కన పడేసి. తర్వాత 'బ్లూ మండే' విను. గిల్బర్ట్ రాగం దరువు నుంచి పక్కకు జరిగింది నీ చెవికి ఎక్కడ దొరికిందో, నిమిషమూ సెకనూ కాగితం మీద రాసుకో. నాకు దొరికిన చోటు నేను రాసి పెట్టుకున్నాను, ఇప్పుడు చెప్పను. ఆదివారం ఉదయం ఇంట్లోనే ఉంటాను. కాగితం తీసుకునిరా, పోల్చి చూద్దాం.

నీ శ్రేయోభిలాషి,
అన్నయ్య